వేపనూనె కొట్టినా పిండినల్లి పోవడం లేదు, పైగా డాబా మీద తొండ చేరింది. ఏం చేయమంటారు?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. హైదరాబాద్‌లో మేడ మీద ముప్పై కుండీల తోట, మొదలుపెట్టి ఎనిమిది నెలలు. మందారకి దూది అంటించినట్టు తెల్లగా పిండినల్లి పట్టింది, నాలుగు వారాలుగా వేపనూనె కొడుతున్నా పోవడం లేదు. వంగ మొక్కల చివర్లు తలలు వాల్చేస్తున్నాయి. నిమ్మ ఆకుల్ని ఏదో తినేస్తోంది. ఎరువు తొట్టిలో బొటనవేలంత తెల్ల పురుగులు కనిపించాయి. ఇవి చాలవన్నట్టు తొండ ఒకటి చేరింది, దాన్ని చూసి మీ అత్తగారు పైకి రావడమే మానేశారు. పక్కింటాయన పొలం నుంచి తెచ్చిన మందు ఒక సీసాలో పోసిచ్చి "ఒక్కసారి కొట్టండి, అన్నీ పోతాయి" అన్నారు. కొట్టాలా వద్దా అని అడిగారు.

కొట్టొద్దు. ఆయన అన్నమాట నిజమే, అన్నీ పోతాయి. మీకు పనికొచ్చేవి ముందు పోతాయి, పిండినల్లి మాత్రం మూడు వారాల్లో తిరిగొస్తుంది. మందారకి ముందు చీమల్ని ఆపి, నీళ్ళతో కడగండి. వంగకి వాడిన చివర్లు తుంచి పారేయండి, మందు అక్కర్లేదు. నిమ్మ మొక్క పెద్దదైతే ఏమీ చేయకండి, చిన్నదైతే పురుగుల్ని చేత్తో తీసేయండి. తొండ జోలికి వెళ్ళకండి. ఎరువులో పురుగుల సంగతి కొంచెం చూసి తేల్చాలి, కింద చెప్తాను.

నాది రాజమండ్రి. డాబా మీద పధ్నాలుగేళ్ళుగా పెంచుతున్నాను, ఇప్పుడు చిన్నా పెద్దా కలిపి నూట నలభై కుండీలు. వ్యవసాయం చదువుకోలేదు. చేసిన తప్పులే చదువు. అందులో మొదటి తప్పు సరిగ్గా మీ మందార కథే.

నర్సరీలకి పేరున్న కడియం దగ్గరే కదా అని మొదటి ఏడాది చేతికందినన్ని మొక్కలు కొనేశాను. ఒక నర్సరీలో ముద్ద మందార తెచ్చి, వచ్చిన రోజే మిగతా మొక్కల మధ్యలో పెట్టాను. పది రోజులకి దాని చిగుళ్ళు ముడుచుకుపోయి, లోపల తెల్లగా. నెల తిరిగేసరికి బెండకి, జామకి, ఆఖరికి తులసికి కూడా పట్టింది. కంగారుపడి మీ పక్కింటాయన లాంటి ఒక పెద్దమనిషి ఇచ్చిన మందు కొట్టాను. వారం రోజులు డాబా అంతా శుభ్రంగా ఉంది, చీమ కూడా లేదు. నాలుగో వారానికి గులాబీ ఆకులు దుమ్ము పట్టినట్టు పాలిపోయాయి. వెనక్కి తిప్పి చూస్తే ఎర్రనల్లి అనే సన్నటి పురుగులు, వాటి సాలెగూడు. దాంతోపాటు పిండినల్లి మళ్ళీ హాజరు. నల్లిని తినే పురుగుల్ని నా చేత్తోనే చంపుకున్నానని అప్పట్లో తెలియదు. ఆ తర్వాత నుంచి కొత్త మొక్క ఏదైనా రెండు వారాలు మెట్ల దగ్గర విడిగా ఉండాల్సిందే, ఎంత ముద్దొచ్చినా సరే.

ఇక మీ మందార. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే తోట మొదలుపెట్టిన వాళ్ళలో సగం మంది ఇక్కడే విసుగొచ్చి మానేస్తారు.

పిండినల్లి ఆకు రసం పీలుస్తుంది. దానికి కావలసింది రసంలో కొద్దిగా ఉండే అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తుల ముడిసరుకు, ఆ కాస్త కోసం బోలెడంత రసం తాగాలి. మిగిలిన తీపి నీళ్ళని వెనక నుంచి బంకలా వదిలేస్తుంది. ఆ బంక చీమలకి పాయసం. మనం ఆవుల్ని మేపుకున్నట్టు చీమలు ఈ నల్లిని మేపుకుంటాయి. అక్షింతల పురుగు (లేడీబర్డ్) నల్లిని తినడానికి వస్తే కరిచి తరిమేస్తాయి, పిల్ల నల్లుల్ని కొత్త చిగుళ్ళ మీదకి మోసుకెళ్తాయి. ఆకుల మీద నల్లటి మసి పేరుకుని ఉంటే అది కూడా ఆ బంక మీద పెరిగిన బూజే, తడిబట్టతో తుడిస్తే వచ్చేస్తుంది. కాబట్టి చీమలు తిరుగుతున్నంత కాలం మీరు ఏం కొట్టినా ఒక పక్క తీస్తుంటే ఇంకో పక్క చేరుతూనే ఉంటాయి.

చీమలు ఏ దారిన ఎక్కుతున్నాయో ఒక పావుగంట కూర్చుని చూడండి. పొద్దున్నే కాఫీ పట్టుకుని వెళ్ళండి, అంతకన్నా పరికరాలు అక్కర్లేదు. సాధారణంగా కొమ్మ ఏదో ఒకటి పిట్టగోడకి తగులుతూ ఉంటుంది, లేదా బట్టలు ఆరేసే తీగకి. ఆ కొమ్మ కత్తిరించండి. కుండీని రెండు ఇటుకల మీద పెట్టి, ఇటుకల్ని నీళ్ళ పళ్ళెంలో ఉంచితే చీమలు దాటలేవు. ఇక్కడ ఒక జాగ్రత్త: మూడు రోజులకోసారి ఆ నీళ్ళు పారబోసి పళ్ళెం రుద్ది కడగాలి, లేకపోతే డెంగీ దోమకి మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. అంత ఓపిక లేదంటే కాండానికి వెడల్పాటి టేపు చుట్టి, ఆ టేపు మీద బండ్లకి వాడే గ్రీజు పూయండి. గ్రీజు నేరుగా బెరడుకి పూయకూడదు. చీమలు కుండీ మట్టిలోనే గూడు పెట్టుకుని ఉంటే, కుండీ మొత్తాన్ని ఒక టబ్బు నీళ్ళలో అరగంట ముంచి ఉంచండి. గుడ్లు నోట కరుచుకుని వరుసగా బయటికి వచ్చేస్తాయి, చూడటానికి కాస్త జాలిగానే ఉంటుంది.

తర్వాత ముడుచుకుపోయి గడ్డకట్టిన చిగుళ్ళని కత్తిరించేయండి, అవి మళ్ళీ విచ్చుకోవు. తెల్ల పురుగుని వేలితో నలిపితే గులాబీ రంగు రసం వస్తే అది మందార మీద బాగా పెరిగే రకం, చిగుళ్ళని అలా ముద్దలా చేసేది అదే. కత్తిరించిన ముక్కల్ని అక్కడే పడేయకుండా పాలిథిన్ కవర్లో మూటకట్టి రెండు రోజులు ఎండలో పెట్టి చెత్తబండికి ఇచ్చేయండి. ఎరువు తొట్టిలో మాత్రం వేయొద్దు. మిగిలిన కొమ్మల్ని పైపు చివర వేలు అడ్డం పెట్టి గట్టి ధారతో కడగండి, కొమ్మల సందుల్లో పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. నిజం చెప్పాలంటే పిండినల్లి విషయంలో ముప్పాతిక పని ఈ బ్రష్షుదే.

మీ వేపనూనె ఎందుకు పనిచేయలేదంటే, మీరు రాసిన పద్ధతిలోనే ఉంది కారణం. నీళ్ళలో నూనె పోసి కలిపి కొట్టానన్నారు. నూనె నీళ్ళలో కలవదు కదండీ. పైన తేలుతుంది, స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి ఉత్త నీళ్ళు పీలుస్తుంది, ఆఖర్లో ఒక్కసారిగా నూనె పడి ఆకు మాడిపోతుంది. ముందు నూనెని సబ్బుతో కలపాలి, తర్వాత నీళ్ళు. లీటరు నీటికి ఒక టీ స్పూను వేపనూనె, అంటే 5 మి.లీ., అందులో అర స్పూను మెత్తటి లిక్విడ్ సబ్బు వేసి గిలక్కొడితే పాలలా తెల్లబడుతుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. కలిపింది ఆ పూటే వాడెయ్యాలి. నేను సబ్బు బదులు కుంకుడు రసమే వాడతాను. నాలుగైదు కాయలు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగడితే చాలు. పిండినల్లి ఒంటి మీద మైనంలాంటి పొర ఉంటుంది, ఉత్త నీళ్ళు దాని మీద తామరాకు మీద బొట్టులా జారిపోతాయి. ఆ పొర దాటాలంటే సబ్బో కుంకుడో ఉండాలి.

ఇంకో మాట. వేప వెంటనే చంపదు. తిండి తినబుద్ధి కాకుండా, ఒంటి చర్మం సరిగ్గా విడవకుండా చేస్తుంది. అందుకే ముదురు పురుగుల మీద ఆశ పెట్టుకోకండి. గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకి ఇంకా మైనం పట్టి ఉండదు, దొరికేది అవే. వారానికోసారి చొప్పున మూడుసార్లు, ఆకు అడుగున, ఎండ తగ్గాక. నేను ఒక ఏప్రిల్‌లో "బాగా పనిచేస్తుంది కదా" అని లీటరుకి నాలుగు స్పూన్లు కలిపి పదకొండు గంటల ఎండలో కొట్టాను. సాయంత్రానికి మందార అప్పడం వేయించినట్టు అయింది. కాబట్టి ముందు ఒక కొమ్మకి కొట్టి ఒక రోజు ఆగి చూడండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. తెల్లగా కనిపించిన ప్రతిదీ పిండినల్లి కాదు. నల్లి గుంపు మధ్యలో దానికన్నా పెద్దగా, ఒంటి నిండా పొడుగాటి తెల్ల పోగులతో, చింపిరి జుట్టు వేసుకున్నట్టు ఒకటి కనిపించవచ్చు. పుల్లతో ముట్టుకోండి. పిండినల్లి అయితే కదలడానికే బద్ధకిస్తుంది. ఇది మాత్రం చకచకా పరిగెడుతుంది. అది అక్షింతల పురుగుల్లో ఒక రకం తాలూకు పిల్ల పురుగు. పెద్దదయ్యాక నల్లటి ఒంటితో, తల దగ్గర నారింజ రంగుతో మిరియపు గింజంత ఉంటుంది. క్రిప్టోలీమస్ అని దాని పేరు. ఆస్ట్రేలియా పురుగు. కాఫీ తోటల్లో పురుగుల్ని దీనిచేత తినిపించడానికి 1898లో మన దేశానికి తెచ్చారు, తర్వాత ఇక్కడే స్థిరపడిపోయింది. పిండినల్లి దీనికి ఇష్టమైన భోజనం. రెండో ఏడాది నేను వీటిని "ముదురు పిండినల్లి" అనుకుని రెండు రోజులు కూర్చుని మరీ నలిపాను. అవి నా తరఫున పనిచేస్తున్న కూలీలని తెలిశాక పడిన బాధ ఇంతా అంతా కాదు. మీ మందార మీద అవి కనిపిస్తే ఇంక వేపనూనె కూడా ఆపేయండి, చీమల్ని మాత్రం రానీయకండి.

ఇలాంటి పురుగుల మీద ఆధారపడటం ఏదో డాబా తోటల వాళ్ళ చాదస్తం అనుకోకండి. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు వైపు బయటపడి దక్షిణాది అంతా పాకింది, బొప్పాయి, మల్బరీ రైతులు ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. 2010లో ఆ పిండినల్లి లోపల గుడ్డు పెట్టే ఒక చిన్న కందిరీగ జాతిని బెంగళూరులోని వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ వాళ్ళు ప్యూర్టో రికో నుంచి తెప్పించి, పెంచి వదిలారు. దాంతో దారికొచ్చింది.

వంగ సంగతి. మొక్క మొత్తం ఆకుపచ్చగా బాగుండి, చివర నాలుగు ఆకులు మాత్రమే వాలిపోతే అది మొవ్వు, కాయ తొలిచే పురుగు. వాడిన చోటుకి రెండు అంగుళాల కింద కత్తిరించి, కొమ్మని నిలువుగా చీల్చి చూడండి. లోపల లేత గులాబీ రంగు పురుగు తాపీగా తింటూ ఉంటుంది. అది కొమ్మ లోపల ఉండగా బయట ఏ మందు కొట్టినా దానికి తగలదు, అందుకే మందు అనవసరం అన్నాను. రోజూ నీళ్ళు పోసేటప్పుడు వాలిన చివరలు తుంచి కవర్లో వేయడమే. పూత రాకముందే ఈ పని చేస్తే కాయల్లోకి వెళ్ళే పురుగులు బాగా తగ్గుతాయి. కాయ మీద సూది బెజ్జం, దాని చుట్టూ పొట్టులాంటి మలం కనిపిస్తే ఆ కాయ కూడా అంతే, మొక్కకి ఉంచకండి. నేను గత మూడేళ్ళుగా వంగ కుండీలు నాలుగింటికీ దోమతెర కప్పుతున్నాను, ఎండిన గుడ్డలాంటి తెల్ల రెక్కల పురుగు లోపలికి రాకుండా. వంగకి కాయ పడటానికి తేనెటీగ తప్పనిసరి కాదు, పొద్దున పూట పువ్వు తొడిమని వేలితో నాలుగుసార్లు తడితే చాలు.

అలా కాకుండా మొక్క మొత్తం ఒకేసారి, ఆకులు పసుపు తిరగకుండానే, మధ్యాహ్నం ఎండకి వాడినట్టు వాలిపోయి సాయంత్రానికి తేరుకోకపోతే, అది పురుగు కాదు, బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. మొదలు దగ్గర కాండం కోసి, కోసిన వైపు గాజు గ్లాసులో నీళ్ళలో ముంచి కదపకుండా పట్టుకోండి. పాలలాంటి సన్నటి దారం కిందికి దిగితే అదే. దానికి మందు లేదు. మొక్క పీకేసి, ఆ మట్టిలో మళ్ళీ వంగ, టమాట, మిరప పెట్టకండి.

వంగ మీదే ఇంకో తికమక ఉంది. మనం అక్షింతల పురుగు అని పిలిచేవాటిలో మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. నున్నగా, మెరుస్తూ, ఎర్రగా, పేనుబంక (చిగుళ్ళ రసం పీల్చే చిన్న పురుగులు) మధ్యలో తిరిగేది మన స్నేహితుడు. వెలిసిపోయిన రాగి రంగులో, మెరుపు లేకుండా, ఒంటి నిండా చుక్కలతో వంగ ఆకు మీదే ఉండి ఆకులోని పచ్చదనాన్ని గీకి జల్లెడ చేసేది శత్రువు. దాని పిల్ల పసుపు రంగులో ముళ్ళ ముళ్ళుగా ఉంటుంది. పొద్దున్నే చలికి మందంగా ఉన్నప్పుడు సబ్బు నీళ్ళ గిన్నె కింద పెట్టి కొమ్మ ఊపితే టపటపా రాలిపడతాయి.

నిమ్మ ఆకులు తినేది సీతాకోకచిలుక పిల్ల. ఆకు మీద పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఏదైనా పడి ఉంటే తుడవబోయే ముందు ఒకసారి కళ్ళు పెట్టి చూడండి, దానికి కాళ్ళుంటాయి. అలా రెట్టలా కనిపించడమే దాని రక్షణ. పెద్దదయ్యాక ఆకు రంగులోకి మారుతుంది, వెనక నుంచి ముట్టుకుంటే తల దగ్గర నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి పొడుచుకొచ్చి ఘాటు వాసన కొడుతుంది. కుట్టదు, కరవదు. కరివేపాకుని కూడా తింటుంది కాబట్టి మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం: మూలన పెరిగిన పెద్ద కరివేపాకు చెట్టు వాటిది, వంటకి వాడే రెండు కుండీలు మావి. ఇటు కనిపించినవాటిని ఆకుతో సహా అటు చేర్చడమే. మీ నిమ్మ బాగా ఎదిగినదైతే కొన్ని పురుగులు తిన్నా మళ్ళీ చిగురిస్తుంది. అంటు కట్టిన చిన్న మొక్క అయితే తీసేయక తప్పదు. ఆకు మీద పాము పాకినట్టు వెండి గీతలు ఉంటే అది వేరే పురుగు, ఆకు పొరల మధ్యలో తొలుచుకుంటూ పోయేది. లేత చిగురుకే వస్తుంది, ఆ చిగురు తుంచితే సరి.

ఎరువు తొట్టిలో తెల్ల పురుగులకి నేను చేసే పరీక్ష ఇది. ఒకదాన్ని చెంచాతో తీసి గచ్చు మీద పెట్టండి. కాసేపటికి వెల్లకిలా తిరిగి, కాళ్ళు ఆకాశానికి పెట్టి, వీపు మీద పాకుతూ పోతే అది కుళ్ళిన చెత్త తినే రకం, పువ్వుల మీద వాలే ఆకుపచ్చ, గోధుమ రంగు పెంకు పురుగుల పిల్ల. దాన్ని తిరిగి తొట్టిలో వేసేయండి, ఎరువు తొందరగా చేసిపెడుతుంది. కుండీలో మాత్రం ఉంచకండి, చెత్త అయిపోయాక లేత వేళ్ళు కొరకవచ్చు. పక్కకి ఒరిగి 'సి' ఆకారంలో ముడుచుకుని అక్కడే ఉండిపోతే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు, పెద్దదైతే కొబ్బరి మొవ్వు తొలిచేస్తుంది. మా గోదావరి వైపు దాన్ని వదిలేది లేదు. పిట్టగోడ మీద పెడితే గోరింకలు రెండు నిమిషాల్లో ఎత్తుకుపోతాయి. పచ్చి పేడ, సగం మాగిన ఎరువు వేసినప్పుడే ఇవి ఎక్కువగా వస్తాయి, కాబట్టి ఈసారి బాగా మాగి వాసన లేని ఎరువు చూసి కొనండి.

తొండ దగ్గరికి వద్దాం, మీ అత్తగారి మాట కూడా ఉంది కదా. అది చీమల్ని, మిడతల్ని, గొంగళి పురుగుల్ని తింటుంది. విషం లేదు. మనిషిని చూస్తే పారిపోయే ప్రాణి. మగదానికి జతకట్టే కాలంలో మెడ, తల ఎర్రబడతాయి, అది చూసే అందరికీ భయం. తొండ ముదిరితే ఊసరవెల్లి అన్న సామెత వల్ల ఇది ఏదో అవుతుందని కూడా అనుకుంటారు. ఏమీ అవదు, అది చచ్చేదాకా తొండే. నాలుగేళ్ళ క్రితం ఒక పాత కుండీ మట్టి మార్చబోతే జానెడు లోతులో తెల్లగా, కోలగా, ముట్టుకుంటే తోలులా మెత్తగా పదకొండు గుడ్లు బయటపడ్డాయి. మా ఆవిడ పాము గుడ్లంటూ కేక పెట్టింది. అంతకు ముందు వారమే ఆడ తొండ ఆ కుండీలో ముందు కాళ్ళతో గుంట తీస్తూ కనిపించింది కాబట్టి నాకు టెన్షన్ లేదు. మళ్ళీ పూడ్చి, ఆ కుండీని ముట్టుకోలేదు. నెలన్నర తర్వాత వర్షం పడ్డ పొద్దున అగ్గిపుల్లంత పిల్లలు పిట్టగోడ మీద వరుసగా కూర్చున్నాయి. ఆ ఏడాది బెండ ఆకు చుట్టే పురుగు మాకు దాదాపు కనిపించలేదు. పూర్తిగా వాటి వల్లే అని ఒట్టేసి చెప్పలేను గానీ, వాటి వాటా ఉందనే నా నమ్మకం. మీ అత్తగారు వచ్చేటప్పుడు మెట్ల దగ్గర చెప్పులు నాలుగుసార్లు చప్పుడు చేయమనండి, అదే దాక్కుంటుంది.

మీరు అడగలేదు గానీ, ఎనిమిది నెలల తోట అంటే ఈపాటికి మిరప, కాకర, బీర కూడా పెట్టే ఉంటారు. మిరప ఆకు అంచులు పైకి ముడిస్తే తామరపురుగు (త్రిప్స్), కిందికి ముడిస్తే నల్లి (పిండినల్లి కాదు, కంటికి ఆననంత చిన్నది). రెండింటినీ "ముడత" అని ఒకే మందు అడగడం వల్లే పని జరగదు. ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టడం రెండింటికీ కొంత పనిచేస్తుంది. తామరపురుగు పువ్వుల్లో కూడా దూరుతుంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ఏడిపించిన కొత్త రకం అలా పువ్వుల్లో గుంపులుగా ఉండేదే. తెల్ల కాగితం మీద పువ్వుని దులిపి చూస్తే సన్నటి నలుసులు పరిగెడతాయి.

కాకర, బీర పిందెలు పసుపు తిరిగి వంకర పోతే పండుఈగ. దానికి ఎర బుట్టలు అమ్ముతారు, అక్కడ చాలామంది మోసపోతారు. మామిడి, జామకి పెట్టే ఎర వేరు, తీగజాతి కూరలకి వేరు. మొదటిది మిథైల్ యూజినాల్, రెండోది క్యూ లూర్. జామ ఎర తెచ్చి కాకర పందిరికి కడితే బుట్ట నిండదు, కాయలూ దక్కవు. పైగా ఈ ఎరలకి మగ ఈగలే పడతాయి, కాబట్టి నాలుగు పాదులే ఉంటే పిందె పడ్డ మూడో రోజు దానికి కాగితం సంచి తొడగడం నయం. పుచ్చిన కాయల్ని మట్టిలో పూడ్చకండి, ఈగకి అదే పురిటిల్లు. కవర్లో కట్టి ఎండలో పెట్టండి.

వేపనూనె సాయంత్రం కొట్టాలన్నాను కదా, బీరకి మాత్రం ఆ సలహా తిప్పికొడుతుంది. బీరపువ్వు దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది, అప్పుడే దాని మీదకి పురుగులు వస్తాయి. ఆ సమయంలో నూనె కొడితే పిందె పడదు. ఆ పాదుకి తెల్లవారుజామునే కొట్టండి, పువ్వుల మీద పడకుండా. కాకర, దోస పొద్దున పూస్తాయి కాబట్టి వాటికి సాయంత్రమే మంచిది.

ఉడుతలకి, పావురాలకి వల తప్ప వేరే ఉపాయం నాకు దొరకలేదు. సీడీలు వేలాడదీశాను, ఉడుతలు వాటితో ఆడుకున్నాయి.

ఆఖరుగా ఆ సీసా. పొలం మందు సీసాలో పోసిచ్చారంటే పేరు లేదు, మోతాదు లేదు, కొట్టాక ఎన్ని రోజులకి కోయాలో లేదు. మోనోక్రోటోఫాస్ లాంటి మందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, అయినా ఇళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అందులో ఉన్నది అదే అని నేననను, కాదని చెప్పడానికి సీసా మీద చీటీ కూడా లేదు కదా. అలాంటి మందుల్లో కొన్ని మొక్క ఒంట్లోకి ఎక్కి కాయలో కూడా చేరతాయి, కడిగినా పోవు. కాలవలోనో సింకులోనో పారబోయకండి, మూత గట్టిగా బిగించి పిల్లలకి అందకుండా పెట్టి, ఆయనకే తిరిగి ఇచ్చేయండి. ఎందుకు కొట్టలేదని అడిగితే "ఈలోగా తగ్గిందండీ" అనండి, ఇరుగుపొరుగుతో తగువు దేనికి. వంగలు కాసినప్పుడు నాలుగు కాయలు ఆయనకీ పంపండి.

మందార చిగురు ఫొటో ఒకటి, ఆకు వెనక్కి తిప్పి దగ్గరగా తీసి పెట్టండి. అందులో చింపిరి జుట్టు పురుగు ఉందో లేదో చూసి చెప్తాను. అప్పటిదాకా దేన్నీ నలపకండి.